కొంగు చుట్టిన బొటనవేళ్ళు

మా బాపు ఆవలించేటప్పుడు గడ్డం కింద పిడికిలి పెట్టుకునేవాడు. చిన్నప్పుడు నేను అదేదో మిలిటరీ పద్ధతి అనుకున్నాను. బూట్లకు పాలిష్ పట్టడం, దుప్పటి అంచులు కలిపి మడవడం, అన్నం ముందు కూర్చుంటే మాట్లాడకపోవడం, అన్నీ మిలిటరీయే కదా, ఆవలింతకు మాత్రం రూలు ఉండదా! బళ్ళో నేను కూడా పిడికిలి పెట్టుకునే ఆవలించేదాన్ని. టీచరు చూసి, "ఏందే ఆ ఫోజు?" అంటే, "మా బాపు మిలిటరీ" అని గొప్పగా చెప్పాను. టీచరుకు ఏం అర్థమైందో నాకు తెలియదు గానీ మళ్ళీ అడగలేదు.

అది రూలు కాదు, భయం. పిడికిలి అడ్డం లేకుండా నోరు పెద్దగా తెరుచుకుంటే బాపు దవడ కీలు జారిపోయేది. జారిందంటే తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయేది. మాట రాదు, గుటక పడదు, చొంగ కారుతుంది, కళ్ళ వెంట నీళ్ళు ధారలు కడతాయి. అప్పుడు అమ్మ పొయ్యి మీది పని వదిలేసి వచ్చేది. బాపును గోడకు ఆనించి కూర్చోబెట్టి, కొంగు రెండు కొసలూ తన రెండు బొటనవేళ్ళకు చుట్టుకుని, ఆ వేళ్ళు లోపలి పళ్ళ మీద పెట్టి కిందికి నొక్కి వెనక్కి నెట్టేది. టక్కుమని చప్పుడు వచ్చేది. కొంగు చుట్టుకోకపోతే దవడ కూర్చునేటప్పుడు పళ్ళు పడి వేళ్ళు నలిగిపోతాయి. మిలిటరీ దవాఖానలో డాక్టరు చేస్తుంటే ఒకసారి చూసిందట, అంతే. పని కాగానే కొంగు దులుపుకుని, "ఇగ లే, అన్నం సల్లగైతుంది" అనేది. మా ఇంట్లో అది ముల్లు తీసినంత మామూలు సంగతి. గడప దాటి ఎవరికీ తెలిసేది కాదు.

బాపు పట్టాళంలో డ్రిల్ ఉస్తాద్. అంటే కొత్తగా చేరిన కుర్రాళ్ళను నిలబెట్టి, నడిపించి, సిపాయిలను చేసే మనిషి. ఆయన 'సావధాన్' అంటే మైదానం ఆ చివర చెట్టు మీది కాకులు లేచేవని ఆయనతో పనిచేసిన వాళ్ళు చెప్పగా విన్నాను. నేను ఆ గొంతు వినలేదు. నాకు ఊహ తెలిసేసరికే కొండల్లో మిలిటరీ ట్రక్కు గోతిలో పడి, వెనక నిలబడ్డ బాపు గడ్డం ఇనుప కడ్డీకి కొట్టుకోవడం, దవడ విరగడం, అతకడం అన్నీ అయిపోయాయి. ఎముక అతికింది గానీ కీలు మాత్రం ఎప్పటికీ దాని చోట అది నిలబడలేదు. తర్వాత ఆయనను మైదానం నుంచి తీసి స్టోర్లో వేశారు. దుప్పట్లు, బూట్లు లెక్క చూసే పని. దుప్పట్లకు అరిచి చెప్పాల్సిన పని లేదు కదా.

మరి అంత దెబ్బ తగిలిన వాడికి వైకల్యపు పింఛను రావాలి కదా? రాలేదు. ఎందుకు రాలేదంటే మా బాపు నోటి వల్లే రాలేదు! సర్వీసు నుంచి దిగిపోయేటప్పుడు డాక్టరు, "ఏమైనా తక్లీఫ్ ఉందా?" అని అడిగాడట. ఈయన నిటారుగా నిలబడి, "నహీఁ సాబ్, ఠీక్ హై" అన్నాడట. కొన్నేళ్ళకు అమ్మ పోరు పడలేక అర్జీ పెడితే మిలిటరీ డాక్టర్ల బోర్డు ముందుకు పిలిచారు. ఆ రోజు దవడ బుద్ధిగా ఉంది. తెరవమంటే తెరుచుకుంది, మూయమంటే మూసుకుంది. బాధ ఉందా అంటే మళ్ళీ అదే పాట, "ఠీక్ హై సాబ్." ఇంటికొచ్చి చెప్తే అమ్మ చేతిలో గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

"ఎందుకు గిట్ల జేస్తవ్? నొస్తుందని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోతుండె?"

"సాబ్ అడిగితే ఇంకేమంటరే? నోట్లెకెళ్లి గదే వస్తది," అన్నాడు బాపు.

అది అబద్ధం కాదు. ఏళ్ళ తరబడి పై అధికారి ముందు ఒక్కటే జవాబు చెప్పిన మనిషికి రెండోది ఎక్కడి నుంచి వస్తుంది! ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇదంతా జరిగేటప్పటికి మేం మెదక్ వైపు ఊరు వదిలి గోపన్‌పల్లిలో కిరాయికి ఉంటున్నాం. చుట్టూ ఇంకా రాళ్ళగుట్టలు, సీతాఫలం పొదలు ఉండేవి. ఒకటో రెండో అపార్టుమెంట్లు లేస్తుంటే, పిచ్చోళ్ళు కాకపోతే ఇంత దూరం ఎవరొస్తారు అనుకునేవాళ్ళం. బాపు హైటెక్ సిటీలో ఒక అద్దాల బిల్డింగు గేటు దగ్గర సెక్యూరిటీ. నేను అక్కడికి దగ్గర్లోనే ఒక కాల్ సెంటర్లో. పొద్దంతా మాట్లాడటమే నా కొలువు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళ వాషింగ్ మిషన్ కష్టాలు ఓపిగ్గా వినేదాన్ని. బాపు మాత్రం పళ్ళు కలిపి పెట్టుకుని, పెదాలతోనే, "సార్, ఐడీ కార్డు" అనేవాడు. ఆయనకు కోపం ఎక్కువని ఆఫీసు పిల్లలు అనుకునేవాళ్ళట. కోపమా పాడా! మధ్యాహ్నం డబ్బా కూడా పార్కింగు వెనక్కి పోయి ఒక్కడే తినేవాడు. పప్పులో నానబెట్టిన జొన్నరొట్టె, మెత్తగా పిసికిన అన్నం. నమిలినప్పుడల్లా దవడ టక్కుటక్కుమంటుంది, నలుగురూ చూస్తారని. పెళ్ళిళ్ళలో ఎవరైనా బంతికి లాగితే, "ఇంట్ల తినొచ్చిన" అనేవాడు.

ఒక రోజు గేటు దగ్గరే దవడ జారింది. ఎదురుగా కారులో ఎవరో పెద్ద విజిటరు. బాపు నోరు తెరిచి నిలబడిపోతే, తన మీద అరవబోతున్నాడనుకుని ఆ కారాయన అద్దం పైకెత్తుకున్నాడట. నాకు ఫోను వచ్చింది. అమ్మను ఆటోలో తీసుకుపోయి పార్కింగులో సరిచేయించాను. సూపర్‌వైజరు, "ఇంకొకసారి గిట్లయితే నా చేతుల ఏం లేదు" అన్నాడు. ఆ రోజు నుంచి బాపు డ్యూటీకి పోతూ బూట్లు తొడుక్కోగానే గడ్డం కింద పిడికిలి పెట్టి దవడ ఒకసారి సరిచూసుకునేవాడు. వచ్చే సర్వీసు పింఛను ఇల్లు గడవడానికి సరిపోదు. వైకల్యపు పింఛను కూడా తోడైతే ఆ గేటు దగ్గర నిలబడే ఖర్మ తప్పుతుంది. మా ఇంట్లో అందరి ఆశా దాని మీదే.

ఈసారి అప్పీలు అర్జీ రాసిపెట్టింది మా ఇంటి ఓనరు సారు. పై అంతస్తులో ఉండేవాళ్ళు. కోస్తా నుంచి వచ్చి గవర్నమెంటు ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. సాయంత్రాలు ఆయనా, బాపూ అరుగు మీద పేపరు చెరి సగం పంచుకుని చదివేవాళ్ళు. తెలంగాణ ఉద్యమం గట్టిగా నడుస్తున్న రోజులు. రోజూ ఏదో ఒక బంద్, ఏదో ఒక ఊరేగింపు. సారుకు లోపల గుబులు.

"మీ రాష్ట్రం మీకొస్తే మమ్మల్నేం చేస్తారండీ, హవల్దారు గారూ?" అని అడిగేవారు.

"మిమ్మల్ని ఎల్లగొడ్తే నేను కిరాయి ఎవలకియ్యాలె సార్? ఏం ఫికర్ జేయకుండ్రి," అనేవాడు బాపు.

అప్పీలు బోర్డుకు రమ్మని పిలుపు వచ్చాక సారు ఆ అరుగు మీదే బాపుకు తర్ఫీదు మొదలుపెట్టారు. కళ్ళజోడు సర్దుకుని, గొంతు బిగించి, ఆయనే అధికారి అయ్యేవారు.

"మీకేమైనా బాధ ఉందాండీ?"

బాపు టక్కున లేచి నిలబడి, "నో సార్!"

"అయ్యో రామ! ఉందని చెప్పాలండీ. కూర్చోండి. మళ్ళీ చెబుదాం. మీకేమైనా బాధ ఉందా?"

"నో సార్!"

అమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, "ఇగ ఐనట్టే" అంది. నేను నవ్వి నవ్వి లోపలికి పోయి ఏడ్చాను. ఆ రెండూ ఒకేసారి ఎట్లా వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు.

బోర్డు రోజున కంటోన్మెంటులోని మిలిటరీ దవాఖానకు సారే తన కారులో తీసుకుపోతానన్నారు. "బస్సులు ఉంటాయో ఉండవోనండీ" అని. ముందు ఆయనా బాపూ, వెనక అమ్మా నేనూ. బాపు తెల్లచొక్కా ఇస్త్రీ మడత నలగకుండా బిగదీసుకుని కూర్చున్నాడు. హైటెక్ సిటీ దాటి, కూకట్‌పల్లి దాటి బాలానగర్ చేరేసరికి రోడ్డు మధ్యలో పొయ్యిలు! ఆ రోజు అక్కడ వంటావార్పు అని మాకు తెలియదు. రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే తిని నిరసన చెప్పడం అప్పట్లో ఊరూరా జరిగేది. గుండిగల్లో బగారన్నం పొగలు కక్కుతోంది. షెడ్లలో లేతు మిషన్ల మీద పనిచేసే వాళ్ళు ఆ నూనె మరకల బట్టలతోనే బైఠాయించారు. ఆడవాళ్ళు ఉల్లిగడ్డలు కోస్తున్నారు. డప్పు మోగుతోంది.

మెడలో కండువా వేసుకున్న ఒక పోరడు కారు అద్దం తట్టాడు. "పెద్దాయనా, జై తెలంగాణ అనుండ్రి. రెండు ముద్దలు తినుండ్రి. పోండ్రి."

సారుకు చెమటలు పట్టాయి. స్టీరింగు మీది చేతులు తీయకుండా, మర్యాదగా, "జై తెలంగాణ అండీ" అన్నారు.

పకపకా ఒకటే నవ్వు. ఎవరో, "అండీ గాదు సారూ, జెర గట్టిగ" అన్నారు. ఆ నవ్వుల మధ్యే ఇంకెవరో, "యాడికెళ్లి వచ్చిండ్రు మీరు?" అన్నారు. ఆ మాటలో నవ్వు లేదు. సారు ముఖం పాలిపోయింది. నేను దిగి మాట్లాడదామని తలుపు మీద చెయ్యి వేశాను. అంతలోనే బాపు దిగిపోయాడు.

"గీ సార్ నా మనిషి. గాయన వంతు గూడ నేనంట," అన్నాడు.

"అనరాదు మరి, కాకా," అన్నాడు కండువా పోరడు. వాడి గొంతు పొద్దుటి నుంచి అరిచి అరిచి బొంగురుపోయి ఉంది. వాడే ముందుగా 'జై' అని ఎత్తుకుంటే, కూర్చున్నవాళ్ళు తలా ఒక రకంగా, ముందూ వెనకా అందుకున్నారు. అదిగో, అక్కడ మా బాపులోని డ్రిల్ ఉస్తాద్ లేచాడు. వంకరటింకర వరస ఆయన చూడలేడు, చిందరవందర జవాబు వినలేడు.

"గదేం అరుపు తమ్మీ? గొంతుతోటి గాదు, పొట్టలకెళ్లి రావాలె. అందరు ఒక్కపారి అందుకోవాలె. సూడు."

కాళ్ళు దగ్గరికి చేర్చాడు. ఛాతీ నింపుకున్నాడు. అమ్మ నా పక్కన, "వద్దయ్యా... వద్దు" అంటూనే ఉంది.

"జై... తెలంగాణ!"

అబ్బ, ఏం గొంతది! నా జీవితంలో మొదటిసారి విన్నాను. డప్పు ఆగిపోయింది. షెడ్ల రేకులు అదిరినట్టయింది. కూర్చున్నవాళ్ళు వాళ్ళకు తెలియకుండానే లేచి నిలబడి, అందరూ ఒక్క గొంతుగా జవాబిచ్చారు. నాకు ఒళ్ళంతా జలదరించింది. నేను పుట్టకముందు మా బాపు ఎట్లా ఉండేవాడో ఆ ఒక్క కేకలో కనిపించింది.

ఆయన రెండోసారి ఎత్తుకోలేదు. నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

అమ్మ కారు దిగి ఉరికింది. జనం మూగారు. "ఫిట్స్ వచ్చినట్టుంది", "నీళ్ళు దేండ్రి", "తాళాలు పెట్టుండ్రి చేతిల" అని తలా ఒక మాట. అమ్మ ఎవరినీ పట్టించుకోకుండా బాపును కారుకు ఆనించి కూర్చోబెట్టి, కొంగు కొసలు అందుకుంది. ఒక బొటనవేలికి చుట్టింది. రెండో దానికి చుట్టబోతూ ఆగింది. నేను ఆమె ముఖం చూశాను. అది నాకు తెలిసిన ముఖం కాదు.

చుట్టిన కొంగు విప్పేసింది.

"ఇన్నేండ్ల సంది నేను సాటుకు సక్కబెడ్తున్న," అంది బాపుతో, అంతమంది మధ్యలో. "నువ్వేమో ఆడికి వోయి ఠీక్ హై అంటవ్. నా చేతులతోని నేనే మనకు అన్యాలం జేస్తున్న. ఇయ్యాల నేను పెట్ట. ఎవలు సూడాల్నో వాళ్ళనే సూడనియ్యి."

బాపు కళ్ళు పెద్దవి చేసి తల అడ్డంగా ఊపాడు. అధికారుల ముందుకు ఈ అవతారంతోనా, చొంగ కారుకుంటూనా అని. అమ్మ చేతిసంచిలోంచి తువ్వాల తీసి ఆయన నోటికి అడ్డం పెట్టింది. ఆమె ఏడుస్తూనే ఉంది. అయినా కొంగు మళ్ళీ ముట్టుకోలేదు.

ఆ తర్వాత రోడ్డు దానంతట అదే తెరుచుకుంది. "జరుగుండ్రి, తొవ్వ ఇడువుండ్రి" అని కండువా పోరడే బైకు ఎక్కి, జెండా ఊపుకుంటూ కంటోన్మెంటు దాకా మా ముందు పోయాడు. ఎవరో తల్లి కిటికీలోంచి అమ్మ ఒళ్ళో విస్తరాకు పొట్లం పడేసింది. సారు దారి పొడవునా, "నా వల్లేనండీ, అంతా నా వల్లేనండీ" అంటూనే ఉన్నారు. బాపు మాట్లాడలేడు కదా, ఎడమచేత్తో ఆయన భుజం తట్టాడు.

బోర్డు గదిలో బల్ల వెనక డాక్టర్లు కూర్చుని ఉన్నారు. బాపు తువ్వాల నాకిచ్చేసి సావధాన్‌లో నిలబడ్డాడు. నోరు తెరుచుకునే ఉంది, గడ్డం మీదుగా చొక్కా మీదికి తడి. మధ్యలో కూర్చున్న పెద్ద డాక్టరు కాగితాలు చూస్తూ తల ఎత్తకుండానే, "క్యా తక్లీఫ్ హై?" అన్నాడు.

జవాబు రాలేదు. తల ఎత్తాడు.

అప్పుడు నేను చెప్పాను. కాల్ సెంటరు ఇంగ్లీషు ఎక్కడికి పోయిందో, మా గల్లీ హిందీలోనే చెప్పాను. పెళ్ళిలో బంతికి కూర్చోడని చెప్పాను. రొట్టె నానబెట్టనిదే తినలేడని, ఒక్కడే పోయి తింటాడని, పక్కన పడుకున్నవాళ్ళకు దవడ చప్పుడు వినపడకూడదని తలకు తువ్వాల కట్టుకుని పడుకుంటాడని చెప్పాను. మా బాపు గట్టిగా నవ్వడం నేను ఎన్నడూ చూడలేదని చెప్పాను. బాపు ఎదుటి గోడనే చూస్తున్నాడు, సిపాయి చూసినట్టే. ఆయన చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఇవన్నీ మాకు తెలియవని ఇన్నాళ్ళూ అనుకున్నాడు పాపం.

పెద్ద డాక్టరు లేచి వచ్చాడు. బాపును కుర్చీలో కూర్చోబెట్టి, చేతులకు తొడుగులు వేసుకుని, బొటనవేళ్ళకు గాజుగుడ్డ చుట్టుకున్నాడు. ఆయన వేళ్ళు లోపలికి పోతుంటే తలుపు దగ్గర నిలబడ్డ అమ్మ బొటనవేళ్ళు కూడా వాటంతటవే కిందికి వంగాయి. టక్కుమంది.

బాపు లేచి నిలబడ్డాడు. దవడ అటూ ఇటూ కదిపి చూసుకున్నాడు. తర్వాత అన్న మాట ఏమిటో చెప్పమంటారా?

"ఠీక్ హై, సాబ్!"

నాకు అక్కడే నెత్తి బాదుకోవాలనిపించింది. డాక్టర్లు నవ్వేశారు. పెద్ద డాక్టరు బాపు భుజం మీద చెయ్యి వేసి, "హవల్దార్ సాబ్, మీ బిడ్డ చెప్పింది విన్నాను. ఇక మీరు మాట్లాడకండి, ఇది నా హుకుం" అన్నాడు. హుకుం కనుక బాపు నోరు మూసుకున్నాడు.

దవాఖాన ఆవరణలో వేపచెట్టు కింద విస్తరాకు పొట్లం విప్పాం. బగారన్నం చల్లారిపోయింది. చుట్టూ ఎవరెవరో కూర్చుని ఉన్నారు. బాపు లేచి చాటుకు పోతాడేమోనని చూశాను. పోలేదు. మా మధ్యలోనే కూర్చుని, చిన్నచిన్న ముద్దలు చేసుకుని, టక్కుటక్కుమని నములుతూ మెల్లగా తిన్నాడు. సారు, "ఉప్పు సరిపోయిందండీ" అన్నారు.

పింఛను మంజూరైనట్టు ఉత్తరం రావడానికి చాలా నెలలే పట్టింది. వచ్చిన మర్నాడే బాపు యూనిఫారం ఉతికి, ఇస్త్రీ చేసి, ఏజెన్సీలో అప్పగించి వచ్చాడు. ఆ రోజు అమ్మ ఎవరినీ తిట్టలేదు. అదే మాకు పండగ.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. ఆ అరుగు ఉన్నచోట ఏదో టవరు కారు పార్కింగు. అటు పోయినప్పుడల్లా చిన్నపిల్లలాగా అరుగు ఎక్కడ ఉండేదా అని వెతుక్కుంటాను. ఆ అరుగు మీది ఒక సాయంత్రం మాత్రం నా దగ్గర చెక్కుచెదరకుండా ఉంది. రాష్ట్రం ఇస్తున్నామని టీవీలో చెప్పిన సాయంత్రం అది. గల్లీ గల్లీ అంతా బయట ఉంది. రంగులు, డప్పులు, పటాకులు. అందరూ అరుస్తున్నారు. మా బాపు ఒక్కడే అరుగు మీద గడ్డం కింద పిడికిలి పెట్టుకుని, కళ్ళ నిండా నీళ్ళతో, నోరు బిగించుకుని నిలబడ్డాడు. పైన బాల్కనీలో సారు, దిగాలా వద్దా అన్నట్టు రెయిలింగు పట్టుకుని ఉన్నారు.

అమ్మ లోపలి నుంచి వచ్చింది. చేతులు తుడుచుకుంది. బాపు పక్కన నిలబడి, కొంగు రెండు కొసలూ తీసుకుని, అందరూ చూస్తుండగా రెండు బొటనవేళ్ళకు గట్టిగా చుట్టుకుంది.

"అనరాదు," అంది. "నేనున్న గద."

బాపు ఆమె చేతుల వంక చూశాడు. పిడికిలి దించాడు. కాళ్ళు దగ్గరికి చేర్చాడు.

ఆ కేకకు గల్లీ మొత్తం ఇటు తిరిగింది. అందరికంటే ముందు జవాబు వచ్చింది పైనుంచి, "జై తెలంగాణ అండీ!" అని. బాపు తల పైకెత్తి పకపకా నవ్వాడు. పిడికిలి అడ్డం పెట్టుకోకుండా, నోరారా.

దవడ జారలేదు. అయినా అమ్మ చాలాసేపటి దాకా కొంగు విప్పలేదు.